కాలనీ అర్జీపై సంతకం పెట్టాలా? రాత్రి పది దాటాక పిల్లలు బయట కనిపిస్తే తల్లిదండ్రులకు జరిమానా

హంటర్‌రోడ్_తండ్రి

మా కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు ఒక అర్జీ రాసి ఇంటింటికీ తిప్పుతున్నారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలెవరూ రాత్రి పది దాటాక పెద్దల తోడు లేకుండా వీధిలో ఉండకూడదనీ, మొదటిసారి కనిపిస్తే హెచ్చరించి వదిలేయాలనీ, రెండోసారి కనిపిస్తే తల్లిదండ్రులకు 2,000 రూపాయల జరిమానా వేయాలనీ వరంగల్ పోలీసు కమిషనరేటును కోరుతున్న కాగితం అది. మా వరుసలోని పదకొండు ఇళ్లలో తొమ్మిది ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. నేను మాత్రం ఆదివారం దాకా గడువు అడిగాను.

అర్జీ ఊరికే పుట్టలేదు. పోయిన నెల రాత్రి పదకొండున్నరకు ముగ్గురు పిల్లలు ఒకే బండిమీద వడ్డేపల్లి చెరువు వైపునుంచి వస్తూ స్పీడ్ బ్రేకర్ దగ్గర పడిపోయారు, ఒకడికి కాలు విరిగింది. మా ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఖాళీ ప్లాటులో అర్ధరాత్రి వరకు కూర్చునే గుంపును నేనూ రెండుసార్లు కోప్పడ్డాను. వాళ్లలో ఒక్కడి తండ్రి పేరైనా నాకు తెలియదని ఇంటికి వచ్చాక గానీ తోచలేదు.

నా కొడుకుకు పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీలో స్టడీ అవర్స్ తొమ్మిదిన్నరకు ముగుస్తాయి. ఆటో దొరికి ఇల్లు చేరేసరికి పదీపావు అవుతుంది. అడగదలచుకున్నవి రెండే. ఇలాంటి ఉత్తర్వు ఇవ్వడానికి చట్టంలో చోటు ఉందా? ఉన్నా, జరిమానా వేసినంత మాత్రాన ఇంట్లో పెద్దల శ్రద్ధ పెరుగుతుందా?

ఇద్దరు_పిల్లల_అమ్మ

సంతకం పెట్టండి. మా గల్లీలో గోడ దిగి మోటార్ వైరు కోసుకుపోయిన ఇద్దరు పిల్లల వయసు పద్నాలుగు, పదిహేను. వాళ్ల ఇళ్లకు ఫోన్ చేస్తే ఒకరు ఎత్తలేదు, ఇంకొకరు ‘మావాడు పడుకున్నాడు’ అన్నారు. అప్పుడు ఆ పిల్లవాడు మా ఎదుటే నిలబడి ఉన్నాడు. డబ్బు కట్టవలసి వస్తే తప్ప అలాంటి తండ్రి లేచి మంచం వైపు చూడడు.

కాజీపేట_జంక్షన్

మా దగ్గర పది గంటల నియమం ఒక్క వారం కూడా నిలవదు. సికింద్రాబాదు వైపునుంచి వచ్చే రైలు గంట ఆలస్యమైతే స్టేషను బయట బ్యాగులు మోసుకుంటూ నడిచేవాళ్లలో సగం మంది పద్దెనిమిదేళ్లలోపు వాళ్లే. ఎవరు రైలు దిగి వస్తున్నారో, ఎవరు ఊరికే తిరుగుతున్నారో గస్తీ కానిస్టేబుల్ ఎలా తేలుస్తాడు?

సుబేదారి_వకీలు

చట్టం సంగతి వరకు చెబుతాను.

మన రాష్ట్రంలో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు రాత్రిపూట వీధిలో ఉండటాన్ని నేరంగా చెప్పే సాధారణ చట్టమేదీ లేదు. అందరూ తలచుకునే 144 సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షన్ వచ్చింది. అది అల్లర్లు, ప్రాణాపాయం వంటి తక్షణ పరిస్థితుల కోసం ఉద్దేశించినది. మామూలుగా ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి నిలవదు. ఒక వయసు వాళ్లందరినీ ఏడాది పొడవునా ఇంట్లో ఉంచడానికి దాన్ని వాడితే కోర్టులో నిలబడదని నా అభిప్రాయం. ఇక జరిమానా సంగతి: శాసనసభ చేసిన చట్టం చెప్పకుండా ఒక కాలనీ అర్జీ ఆధారంగా తల్లిదండ్రుల దగ్గర 2,000 రూపాయలు వసూలు చేసే అధికారం ఏ అధికారికీ లేదు.

పిల్లవాణ్ని ఆపిన తర్వాత ఏం జరుగుతుందనేది అర్జీ రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరారోపణ ఉన్న బాలుణ్ని సైతం లాకప్‌లో పెట్టకూడదు. ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో, ఆ బాధ్యత అప్పగించిన అధికారికో అప్పజెప్పి, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఏ నేరమూ చేయని పిల్లవాణ్ని కేవలం గడియారం చూసి స్టేషనులో కూర్చోబెట్టడానికి ఆ చట్టంలో ఆధారం లేదు.

అయితే తల్లిదండ్రుల బాధ్యత గురించి చట్టం మౌనంగా ఉందనుకోవడం పొరపాటు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఏ సెక్షన్ చదవండి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుణ్నీ, బండి యజమానినీ దోషిగానే భావిస్తారు. తనకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నాననో రుజువు చేసుకోవలసిన భారం కూడా వాళ్లమీదే ఉంటుంది. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలలు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లవాడికైతే 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. ఆ ముగ్గురు పిల్లల విషయంలో మీ కాలనీ అడగవలసింది ఈ సెక్షన్ గురించి.

ఇద్దరు_పిల్లల_అమ్మ

సెక్షన్లు ఉన్నా ఏం లాభమండీ? 2024 మేలో పుణెలో పదిహేడేళ్ల కుర్రవాడు అర్ధరాత్రి దాటాక కారు నడిపి ఇద్దరిని చంపితే 300 మాటల వ్యాసం రాయమని బెయిల్ ఇచ్చారు. ఆ రాత్రి పది గంటలకు వాణ్ని ఎవరైనా ఇంటికి పంపి ఉంటే ఆ ఇద్దరూ బతికి ఉండేవారు.

సుబేదారి_వకీలు

మీ ఆవేదన న్యాయమైనదే. అయితే ఆ కేసులో తండ్రిని కూడా అరెస్టు చేశారు. అతని మీద మొదట పెట్టినవి పిల్లవాడికి కారు ఇచ్చినందుకూ, మద్యం తాగే చోటుకు వెళ్లనిచ్చినందుకూ పెట్టిన సెక్షన్లే. రాత్రి బయట తిరిగాడన్నది అక్కడ నేరం కాలేదు. కారు తాళం ఇచ్చిన చేయీ, మద్యం పోసిన చేయీ పెద్దవాళ్లవే.

హంటర్‌రోడ్_తండ్రి

హైకోర్టే పిల్లల రాత్రి తిరుగుడును నిషేధించిందని మా సంఘం కార్యదర్శి సమావేశంలో చెప్పారు. సినిమాహాళ్ల విషయం అనుకుంటాను. అది ఎంతవరకు నిజం?

సుబేదారి_వకీలు

2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్లలోపు పిల్లలను ఉదయం 11కు ముందు, రాత్రి 11 తర్వాత సినిమాహాళ్లలోకి అనుమతించవద్దని ఆదేశించిన మాట వాస్తవం. 2024 డిసెంబరులో హైదరాబాదు థియేటరు దగ్గర జరిగిన తొక్కిసలాట తర్వాత, ప్రత్యేక ఆటలపై వచ్చిన పిటిషన్లలో ఆ ఆదేశం వెలువడింది. మార్చిలో అదే కోర్టు దాన్ని సవరించి పిల్లలను యథాప్రకారం అనుమతించింది. పైగా అది హాలు లోపలికి సంబంధించినది. వీధికి వర్తించదు.

రాత్రిడ్యూటీ_సిస్టర్

రెండు రోజులుగా చదువుతున్నాను, ఇవాళ రాయాలనిపించింది.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సును. నెలలో పది రోజులు రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు డ్యూటీ. మా ఆయన లారీ నడుపుతారు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. పదిహేనేళ్ల కొడుకు, తొమ్మిదేళ్ల కూతురు ఇంట్లో ఉంటారు. పోయిన వానాకాలం ఒక రాత్రి పాపకు జ్వరం ఎక్కువైతే వాడు నాకు ఫోన్ చేసి, నేను చెప్పిన మందు కోసం పదకొండు గంటలకు మెడికల్ షాపుకు నడిచి వెళ్లాడు. దారిలో ఎవరో ఆపి ‘ఈ వేళప్పుడు ఎక్కడికి రా’ అని గద్దించారట. జేబులోని చీటీ చూపించాడట. మీ అర్జీ ప్రకారం అది మొదటి హెచ్చరిక. ఇంకోసారి పాపకు జ్వరం వస్తే నేను 2,000 కట్టాలి.

అర్జీ రాసినవాళ్లు రాత్రి పదికి ఇంట్లో ఉండే తల్లిదండ్రులను మాత్రమే మనసులో పెట్టుకున్నారు. మున్సిపాలిటీలో తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే తల్లి, అపార్ట్‌మెంటుకు కాపలా ఉండే తండ్రి, మార్కెట్ సీజనులో ఎనుమాములలో బస్తాలు మోసే హమాలీ పిల్లల దగ్గర లేకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు. ఆ రాత్రి కూలి లేకపోతే ఇల్లు గడవదు.

అంతమాత్రాన పిల్లల్ని వదిలేయమని నేను అనను. క్యాజువాలిటీలో పనిచేసిన మూడేళ్లలో హెల్మెట్ లేకుండా తలకు దెబ్బ తగిలించుకుని వచ్చిన పిల్లల్ని ఎంతమందిని చూశానో లెక్కపెట్టలేదు. జేబులు వెతికితే ఐడీ కార్డు, ఒక్కోసారి పరీక్ష హాల్‌టికెట్ దొరికేవి. తల్లులు వచ్చి అడిగే మొదటి మాట ‘బండి ఎవరిది’ అని.

ఇద్దరు_పిల్లల_అమ్మ

సిస్టర్ గారూ, మీలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకుని ఆ మాట అనలేదు. మీ బాబు చేసింది ఏ తల్లయినా గర్వపడే పని. ఇంట్లోనే ఉండి పట్టించుకోనివాళ్లతోనే నా గొడవ.

రాత్రిడ్యూటీ_సిస్టర్

తెలుసు అక్కా. కానీ జరిమానా చీటీకి ఆ తేడా తెలియదు.

డల్లాస్_జమ్మికుంట

మాది జమ్మికుంట, పదేళ్లుగా అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడ ఈ ప్రయోగం చాలా కాలం నడిచింది కాబట్టి తెలిసిన నాలుగు మాటలు రాస్తాను.

డల్లాస్ నగరం 1991లోనే పదిహేడేళ్లలోపు వాళ్లకు మామూలు రోజుల్లో రాత్రి 11 నుంచి, వారాంతాల్లో అర్ధరాత్రి నుంచి ఉదయం 6 వరకు కర్ఫ్యూ పెట్టింది. తెలిసి తెలిసి అనుమతించే తల్లిదండ్రులు కూడా శిక్షార్హులయ్యేవారు. 1993లో పైకోర్టు దాన్ని సమర్థించింది. సమర్థించడానికి ఒక కారణం అందులోని మినహాయింపులు: ఉద్యోగం, అత్యవసరం, తల్లిదండ్రులు చెప్పిన పనిమీద వెళ్లడం వంటివన్నీ అందులో రాశారు. మీ అర్జీలో అలాంటి మినహాయింపు ఒక్కటీ ఉన్నట్టు లేదు. చివరకు 2023లో టెక్సాస్ రాష్ట్రమే చట్టం చేసి నగరాలకు, కౌంటీలకు పిల్లల కర్ఫ్యూలు పెట్టే అధికారం తీసేసింది.

ఫలితం సంగతికి వస్తే, 2016లో పరిశోధనలను సమీక్షించే క్యాంప్‌బెల్ సంస్థ పన్నెండు అధ్యయనాలను కలిపి పరిశీలించి, కర్ఫ్యూల వల్ల పిల్లల నేరాలు గానీ పిల్లలపై నేరాలు గానీ తగ్గినట్టు కనబడలేదని తేల్చింది. ఇక్కడ బడి ఉన్న రోజుల్లో పిల్లల హింసాత్మక నేరాలు ఎక్కువగా జరిగేది మధ్యాహ్నం మూడు తర్వాత, బడి విడిచి పెద్దలు ఇంటికి చేరకముందు.

నాకు నచ్చిన పద్ధతి ఐస్‌లాండుది. అక్కడ పన్నెండేళ్ల వరకు ఉన్నవాళ్లు రాత్రి ఎనిమిది తర్వాత, పదమూడు నుంచి పదహారేళ్లవాళ్లు పది తర్వాత పెద్దల తోడు లేకుండా బయట ఉండకూడదు. మే నుంచి సెప్టెంబరు ఒకటి వరకు మరో రెండు గంటల వెసులుబాటు ఇస్తారు. నియమంతోపాటు తల్లిదండ్రులే జట్లుగా రాత్రిపూట వీధుల్లో నడుస్తూ పిల్లల్ని పలకరిస్తారు. ఆ నడక మనం కూడా నడవగలం.

గిర్మాజిపేట_కిరాణం

అమెరికాలో పనికిరాలేదు కాబట్టి మన గల్లీలో పనికిరాదనడం తొందరపాటు. నేను రాత్రి పదకొండు వరకు దుకాణం తెరిచి ఉంచుతాను కాబట్టి మీ అందరికంటే ఎక్కువ చూస్తాను. పదకొండు గంటలకు నలుగురు పిల్లలు ఒక్క ఫోన్ చుట్టూ చేరినప్పుడు ఐదోవాడిగా వచ్చి కలిసేది ఎప్పుడూ ఇరవై అయిదేళ్లవాడే. సిగరెట్టు అలవాటైనా, గంజాయి వాసనైనా వాడితోనే వస్తుంది. పిల్లలు లేకపోతే వాడికి అక్కడ పనిలేదు.

హైదరాబాదు పాతబస్తీలో ‘ఆపరేషన్ చబూత్ర’ అని చేసినప్పుడు అర్ధరాత్రి అరుగులమీద కూర్చున్నవాళ్లను తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేశారు. అలాంటిది ఇక్కడ చేస్తే తప్పేమిటి? పిలిచి మాట్లాడటం మాత్రం కావాలి, జరిమానా అక్కర్లేదు.

సుబేదారి_వకీలు

ఆ ఇరవై అయిదేళ్లవాడి కోసమే జువెనైల్ జస్టిస్ చట్టంలో 77వ సెక్షన్ ఉంది. పిల్లలకు మద్యం, మత్తుమందు, పొగాకు ఇచ్చేవాళ్లకు ఏడేళ్ల వరకు జైలు. 2003 పొగాకు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు సిగరెట్టు అమ్మడమే నేరం. అడగడం నా ధర్మం కాబట్టి అడుగుతున్నాను, ‘నాన్న తెమ్మన్నాడు’ అని వచ్చినవాడికి మీరు ఎప్పుడైనా అమ్మారా?

గిర్మాజిపేట_కిరాణం

అమ్మాను. అబద్ధం చెప్పను. ఆ వాడకట్టు పిల్లలందరి నాన్నలూ నాకు తెలుసు, అందుకే నమ్మి ఇచ్చాను. పోయిన దసరా నుంచి మానేశాను. తండ్రి స్వయంగా వస్తేనే ఇస్తున్నాను.

ఇంటర్_రెండో_సంవత్సరం

ఇక్కడ రాస్తున్నవాళ్లలో పద్దెనిమిది నిండనిదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను. నాకు పదిహేడేళ్లు.

మా ఇంట్లో ఈ కర్ఫ్యూ ఎప్పటినుంచో ఉంది, కాకపోతే నాకు మాత్రమే. చీకటి పడితే నేను ఇంటి ముందున్న దుకాణానికి కూడా వెళ్లకూడదు. నాకంటే రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు తొమ్మిదిన్నరకు క్రికెట్ ఆడి వస్తాడు. పెద్దల నియమం కూడా అలాగే అమలవుతుందని నా భయం. అబ్బాయి కనిపిస్తే ‘ఇంటికి పో’ అంటారు. అమ్మాయి కనిపిస్తే ఇంటికి ఫోన్ చేస్తారు, మర్నాటి నుంచి ఆమె చదువు మానేస్తుంది. నా క్లాసులో ఒకమ్మాయి విషయంలో అలాగే జరిగింది. ఆమె చేసిన తప్పల్లా బస్సు తప్పిపోవడమే.

ఏడాదిలో తొమ్మిది రాత్రులు మాత్రం ఈ నియమం ఉండదు. బతుకమ్మ ఆడి పద్మాక్షి గుట్ట దగ్గరనుంచి పదకొండు గంటలకు నడిచి వస్తుంటే వీధి నిండా ఆడవాళ్లు, లైట్లు, పల్లీలమ్మేవాళ్లు. ఆ రోజుల్లో నాకు ఎక్కడా భయం వేయలేదు. మిగతా రాత్రులు భయం వేయడానికి కారణం మేం బయట ఉండటం కాదని నాకు అప్పుడే అర్థమైంది. వీధిలో ఇంకెవరూ లేకపోవడమే కారణం.

ఇంకొక్క మాట. స్టడీ అవర్స్ రాత్రి తొమ్మిదిన్నర దాకా పెట్టింది మేం కాదు. కాలేజీ సమయం గురించి మీ అర్జీలో ఒక్క వాక్యమైనా ఉందా?

కాజీపేట_జంక్షన్

ఈ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఎవరూ సంతకం పెట్టకండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ

నాకు ఒక కొడుకు, ఒక కూతురు. తల్లీ, నువ్వు రాసింది చదివి ఇవాళ మా ఇంట్లో ఇద్దరికీ ఒకే సమయం పెట్టాను, ఎనిమిదిన్నర. కొడుకు అలిగి అన్నం మానేశాడు. పొద్దున రెండింతలు తిన్నాడు.

హుజూరాబాద్_సోపతి

ఇంకో రకం పిల్లలు ఎవరికీ గుర్తురాలేదు. రాత్రి పది దాటాక గస్తీ వాహనానికి మొదట ఎదురయ్యేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూర్చున్న గుంపు కాదు, టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు కడిగే పిల్లవాడు. 1986 బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక పద్నాలుగు లోపు వాళ్లను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవాళ్లను పనిలో పెట్టుకున్నా రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు చేయించకూడదు. అంటే ఆ పిల్లలకు రాత్రి ఏడు నుంచే కర్ఫ్యూ చట్టంలోనే ఉంది, దాన్ని పాటించవలసింది యజమాని. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పోలీసులు తనిఖీ చేసినప్పుడు కొందరు బయటపడతారు. మిగతా పది నెలలు మనం వాళ్ల చేతిమీదుగానే దోసె తింటాం.

నేను పదిహేనేళ్లప్పుడు అలాంటి చోటే రాత్రి ఒంటిగంట దాకా పనిచేశాను. ఇంటికి నడిచి వెళ్తుంటే నన్ను ఆపి దొంగ అనుకున్నవాళ్లు ఉన్నారు. ఈ వేళ దాకా ఎవరు పని చేయించారని అడిగినవాళ్లు లేరు.

పరకాల_బాపు

నేను ఈ చర్చలో రాయకూడదనుకున్నాను. కాని మూడుసార్లు బండి మాట వచ్చింది.

మా వాడికి పదహారో ఏట నేనే బండి నేర్పాను. పాలకేంద్రానికి వెళ్లి వస్తాడని, నాకు మోకాళ్ల నొప్పులని సాకు చెప్పుకున్నాను. చట్టప్రకారం ఆ వయసువాడికి 50 సీసీలోపు బండికే లైసెన్సు ఇస్తారు. మా ఇంట్లో ఉన్నది 125 సీసీ, లైసెన్సు సంగతే మేం తలచలేదు. ఊళ్లో అందరి పిల్లలూ నడుపుతున్నారు కదా అనుకున్నాను. ఒకరోజు వాడు ఊరి మలుపులో సైకిలుమీద వస్తున్న పెద్దాయనను గుద్దాడు. ఆయన తుంటి ఎముక విరిగింది. ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేరు. మావాడికి చేతిమీద గీరుకుపోయింది, అంతే. బీమా కంపెనీ ఆయనకు ముందుగా డబ్బు చెల్లించింది. లైసెన్సు లేని మైనర్ నడిపాడు కాబట్టి ఆ మొత్తాన్ని బండి యజమానినైన నా దగ్గర రాబట్టుకుంటోంది. అరెకరం అమ్మినా ఇంకా తీరలేదు.

ఆ ప్రమాదం జరిగింది సాయంత్రం అయిదున్నరకు. ఎండ ఇంకా పోలేదు. నేను ఇంట్లోనే, అరుగుమీద కూర్చుని ఉన్నాను. వాడు నా కళ్లముందే తాళం తీసుకుని వెళ్లాడు.

పది గంటల నియమం మా ఇంటిని కాపాడేది కాదు. ఆ పెద్దాయనను అసలే కాపాడేది కాదు.

రాత్రిడ్యూటీ_సిస్టర్

బాపూ, మీ బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

పరకాల_బాపు

డిగ్రీ చదువుతున్నాడు. బస్సులో వెళ్లి వస్తాడు. నెలకోసారి ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి వస్తాడు. నేను చెప్పి పంపింది కాదు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఆయన వాడికి టీ పోయించి నాతో మాత్రం మాట్లాడలేదు. ఆయన కోపం ఎవరిమీద ఉండాలో వాళ్లమీదే ఉంది.

గిర్మాజిపేట_కిరాణం

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, పిల్లలకు రాత్రి ఒక హద్దు కావాలనే ఇప్పటికీ అంటాను. కానీ జరిమానా వాక్యాన్ని ఇక సమర్థించను. డల్లాస్ అన్న చెప్పిన నడకకు రమ్మంటే వస్తాను. పది గంటలకు అరగంట దుకాణం మూస్తాను.

హంటర్‌రోడ్_తండ్రి

ఆదివారం సమావేశం అయింది. ఇక్కడ వచ్చిన మాటలన్నీ కాగితంమీద రాసుకుని వెళ్లాను.

అర్జీలో జరిమానా వాక్యం తీసేయాలని అడిగితే పెద్ద వాదనే జరిగింది. కార్యదర్శి ఒప్పుకోలేదు, తన పేరుమీద పాత అర్జీనే ఇస్తానన్నారు. ఇరవై ముగ్గురం వేరే కాగితం రాశాం. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మూడు స్తంభాలకు వీధిదీపాలు వెలిగించాలనీ, మైనర్లకు బండి ఇచ్చిన ఇళ్లమీద 199ఏ సెక్షన్ అమలు చేయాలనీ, పదకొండు దాకా తెరిచి ఉండే టిఫిన్ బండ్ల దగ్గర కార్మికశాఖ తనిఖీ చేయాలనీ అందులో అడిగాం. 199ఏ సంగతి చదివి వినిపించినప్పుడు ఇద్దరు సంతకం పెట్టకుండా లేచి వెళ్లిపోయారు. వాళ్ల గేట్ల ముందు ఉండే బండ్లు ఎవరు నడుపుతారో అందరికీ తెలుసు.

నా సంగతి కూడా చెప్పాలి. మావాడు పొద్దున పెరుగు ప్యాకెట్ కోసం స్కూటీ తీసుకువెళ్తాడు, రెండు వీధుల దూరం. బాపు రాసింది చదివిన రాత్రి తాళం బీరువాలో పెట్టాను. పొద్దున వాడు అడిగితే ఆ పోస్టు చదవమని ఫోన్ ఇచ్చాను. చదివి, ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని నడిచి వెళ్లాడు.

స్టడీ అవర్స్ ఎనిమిదికల్లా ముగించమని అడగడానికి బుధవారం కాలేజీకి వెళ్తున్నాం. ప్రస్తుతానికి నలుగురం తల్లిదండ్రులం.

కాజీపేట_జంక్షన్

మా అమ్మాయి కూడా అక్కడే చదువుతుంది. ఏ సమయానికి రమ్మంటారు?

హంటర్‌రోడ్_తండ్రి

తొమ్మిదిన్నరకు, రాత్రి. పిల్లలు బయటికి వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడి, వాళ్లతోపాటే ప్రిన్సిపాల్ గారిని కలుద్దాం.